కొలతకు పెట్టిన కాలు

"కాదండీ, నీళ్ళదేం తప్పు లేదు. నీళ్ళు వచ్చేముందు వస్తున్నామని చెప్పే వస్తాయి. కాలవ రంగు మారుతుంది, కప్పలు గట్టెక్కుతాయి, కాళ్ళ కింద చాప చల్లబడుతుంది. చెప్పకుండా చేసింది నేను. టీ చల్లారిపోతోంది, తాగండి."

అతిథికి ఇంత చెప్పి ఫుసాయే తను మాత్రం కప్పు ముట్టుకోలేదు. వసారా చివర ఆమె భర్త సకుజి కూర్చుని ముల్లంగుల్ని ఆకులతోనే జతలు జతలుగా తాడుకు కడుతున్నాడు. అవి గాలికి ఎండి, వంచితే వంగేట్టు అయ్యాక తవుడులో ఊరబెట్టాలి. ఆయన తల తిప్పకుండానే అందుకున్నాడు.

"మొదలెట్టావా? ఈ ఇంటికి ఎవరొచ్చినా టీ ఒకసారి పోస్తావు, ఈ కథ మూడుసార్లు పోస్తావు."

"నువ్వు ముడి సరిగ్గా వెయ్యి. నిన్న నువ్వు కట్టినవన్నీ తెల్లారేసరికి కిందపడి ఉన్నాయి."

"అవి పడలేదు, దూకాయి. నీ కథ వినలేక."

ఇంకోరోజైతే ఫుసాయే దీనికి తగ్గ మాట ఒకటి వడ్డించేదే. ఇవాళ ఆమె చూపు పెరట్లో ఉంది. అక్కడ రాతి దిబ్బ మీద, వరదొస్తే ఎక్కి తలదాచుకునే నీళ్ళకొట్టం నిలబడి ఉంది. మట్టి గోడలు, నల్ల పెంకులు. దాని ముందు కొత్తగా కట్టిన మెట్లు పెరడంతా కాళ్ళు చాపుకుని పడుకున్నట్టున్నాయి.

ఫుసాయే పుట్టింది కొండల్లో. అక్కడ నీరు పైనుంచి కిందికి పోతుంది, ఎవరి జోలికీ రాదు. పెళ్ళై ఈ ఊరొచ్చేసరికి ఆ లెక్క తారుమారైంది. ఇక్కడ ఊరి చుట్టూ గట్టు, గట్టుకవతల నది. నది పైన, మనుషులు కింద. అత్తవారింట్లో కాలు పెట్టిన మర్నాడు, చూరు కింద తాళ్ళతో వేలాడుతున్న పడవని చూసి, "ఇదేంటి, పడవని ఎండేశారా?" అని అడిగింది. కంచె అవతల ఆకుకూర కోసుకుంటున్న పక్కింటి కోడలు నోబు పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓసి కొండపిల్లా! ఎండెయ్యలేదే, నీ కోసమే దాచారు. చచ్చేలోపు ఒక్కసారైనా ఎక్కుతావులే."

అప్పటికే నోబుకి ఇద్దరు పిల్లలు. ఫుసాయే కంటే పదిహేనేళ్ళు పెద్ద. అత్తగారు చెప్పకుండా వదిలేసినవన్నీ ఆవిడే చెప్పింది. ఊరగాయ జాడీలు ఏ అటక మీద ఉండాలో చెప్పింది. వరద నీళ్ళలో నడిచేటప్పుడు ముందు వెదురుకర్రతో నేలని అడిగి తర్వాత అడుగెయ్యాలని చెప్పింది. ఫుసాయే చూసిన మొదటి వరదకి ఆమె నిండు గర్భిణి. వాన పెరట్లో వాయిస్తుంటే కొట్టం మెట్ల దగ్గర నిలబడి, కాలాడక ఏడ్చింది. నోబు వెనకనుంచి నడుంకి రెండు చేతులూ ఆనించి తోసింది.

"ఎక్కవే, వెనక నేనున్నా. పడితే నా మీదే పడు, మెత్తగా ఉంటాను."

నోబు ఇంటికి కొట్టం లేదు. ఆ వీధిలో చాలా ఇళ్ళకి లేదు. లేనివాళ్ళు ఉన్నవాళ్ళ కొట్టం ఎక్కడం తాతల నాటినుంచీ ఉన్నదే. పిలుపులూ ఉండవు, మొహమాటాలూ ఉండవు. కానీ ఒక పద్ధతి ఉంది. ఎవరైనా కొట్టానికి మెట్లు కట్టిస్తుంటే, రాతిపనివాడు ముందుగా అడిగేది, "ఎవరి కాలు?" అని. ఆ మెట్లెక్కేవాళ్ళలో అందరికంటే పెద్దవాళ్ళని పిలిచి నిలబెడతారు. వాళ్ళు ఆయాసం లేకుండా పాదం ఎంత ఎత్తు లేపగలిగితే అంత ఎత్తుకి వెదురుబద్ద మీద గాటు పెడతారు. మెట్టు ఎత్తు అదే. ఫుసాయే ఇంటి పాత మెట్లకి కాలు పెట్టింది నోబు అత్తగారు. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయినా ఆవిడ కాలు మాత్రం ఆ రాళ్ళలో మిగిలిపోయింది. పిల్లలు కూడా చేతులూపుకుంటూ ఎక్కేసేవాళ్ళు.

వీధికి తారు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగింది, పెరడు గిన్నెలా మిగిలింది. పైగా ఈ వైపు నేలే ఏటా కొంచెం కొంచెం కుంగుతుంది. చిన్న వానకి కూడా కొట్టం స్తంభాల పాదాలు తడవడం మొదలెట్టాయి. అందుకని కిందటేడు ఎండాకాలంలో సకుజి నదికవతలినుంచి ఇళ్ళు లేపేవాళ్ళని పిలిపించాడు.

వాళ్ళు లోపలి సామాను ఒక్కటీ తియ్యనివ్వలేదు. బియ్యం బస్తాలు, మిసో అనే ఊరిన సోయాముద్ద పీపా, పాత పరుపులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగానే ఉంచి, అడుగున దూలాలు దోపి జాకీలు పెట్టారు. ఒకడు ఈల వేస్తే అందరూ ఒక్కసారి తిప్పుతారు. లేచినంత మేరా చెక్క దిమ్మెలు అడ్డంగా నిలువుగా పేరుస్తారు. మళ్ళీ ఈల. కొట్టం నిద్రలో పక్క మార్చుకుంటున్నంత మెల్లిగా లేచింది. సకుజి మిసో పీపా మూత మీద టీ కప్పు పెట్టి, ఒలుకుతుందా లేదా అని గుమ్మంలోంచి తొంగి చూస్తూ కూర్చున్నాడు. నోబు కంచె దగ్గర బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుంది. రోజంతా కదిలితే ఒట్టు.

"ఏమే ఫుసా, ఇంకా లేపిస్తున్నావా? చందమామకి మిసో బదులిద్దామనా?"

"నీక్కూడా పైనుంచే దింపుతాలే అక్కా, తాడు కట్టి."

"ఇన్నేళ్ళకి దీని అడుగు చూశాం. ముసలిదాని లంగా ఎత్తినట్టుంది, పాపం. తొందరగా కప్పండర్రా!"

పనివాళ్ళు ఈల వెయ్యలేక నవ్వారు. మేస్త్రీ వాళ్ళని కసిరి, తనూ మొహం తిప్పుకుని నవ్వాడు.

రాతి దిబ్బ కొత్త ఎత్తుకి లేచాక, కొట్టం దాని మీద కూర్చున్నాక, మెట్లకి రాతిపనివాడు సేయిహాచి వచ్చాడు. ఆ రోజు నోబు ఊళ్ళో లేదు, కళ్ళు చూపించుకోవడానికి పట్నం వెళ్ళింది. సేయిహాచి వెదురుబద్ద తీసి, "ఎవరి కాలు?" అన్నాడు.

ఇక్కడికొచ్చేసరికి ఫుసాయే ఎప్పుడూ ఆగుతుంది. ఇవాళ కూడా ఆగింది. వసారా చివర తాడు బిగించే చప్పుడు కూడా ఆగింది.

"నోబు అవ్వ కాలని అన్లేకపోయానండీ. ఎందుకో తెలుసా? ట్రక్కు."

నోబు కాలి కొలతతో కడితే మెట్లు పొట్టివై, లెక్క పెరిగి, పెరట్లోకి చాలా దూరం జరుగుతాయి. సకుజి చిన్న ట్రక్కు పెట్టుకునే చోటు పోతుంది. ఫుసాయే కళ్ళతోనే కొలుచుకుంది. తన కాలైతే ట్రక్కు పడుతుంది.

"నా కాలే కొలువు," అంది.

"మీదా? మరి అటువైపు..." సేయిహాచి కంచె వైపు చూశాడు.

"నేను మాత్రం పడుచుపిల్లనా? డెబ్భైకి దగ్గరపడ్డాను. అయినా ఈ రోజుల్లో నీళ్ళొస్తే అందరూ తలదాచుకోడానికి బడికి పోతున్నారు, లేకపోతే అగ్నిమాపక దళం వాళ్ళొచ్చి ఎత్తుకుపోతున్నారు. కొట్టాలెవరు ఎక్కుతున్నారయ్యా?"

అతను బద్ద నిలబెట్టాడు. ఫుసాయే కాలు లేపింది. ఆయాసం లేకుండా ఎంత లేస్తుందో అంతకంటే కాస్త ఎక్కువే లేపింది.

"అదొకటి," అందామె. "ట్రక్కు సగం తప్పు. మిగతా సగం, సేయిహాచి ముందు వయసు తక్కువగా కనపడాలన్న సరదా. ఆ బుద్ధికి ఏం పేరు పెడతారో మీరే పెట్టండి."

"నేను పెట్టాను, నువ్వే వద్దన్నావు," అన్నాడు సకుజి.

పని పూర్తయిన రోజు ఎర్రచిక్కుళ్ళన్నం వండి, పెట్టె నిండా సర్ది, నోబుకి ఇవ్వబోతే ఆవిడే వచ్చింది. మెట్ల ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఫుసాయే "ఎవరి కాలే?" అని అడుగుతుందనుకుంది. అడిగితే చెప్పేద్దామనే అనుకుంది. ఆవిడ అడగలేదు. "సేయిహాచి గట్టిగా కట్టాడు," అంది. అన్నం పెట్టె తీసుకుని ఇంటికి పోయింది.

సెప్టెంబరులో వానలు పట్టుకున్నాయి. నది గట్టు దాటలేదు గానీ, గట్టు లోపల పడ్డ నీరు బయటికి పోవడానికి దారి లేకపోయింది. మధ్యాహ్నానికి పెరళ్ళన్నీ ఒకటైపోయాయి. బడికి పోయే రోడ్డు అప్పటికే మునిగింది. సకుజి చూరు కింది పడవ దించుతుంటే, ఫుసాయే కంచె మీదుగా కేకేసింది.

"అక్కా! వచ్చెయ్యి!"

"వస్తున్నా, వస్తున్నా! పెద్దవాళ్ళని మూట కట్టుకుని వస్తా!"

పెద్దవాళ్ళంటే పోయినవాళ్ళు. వాళ్ళ పేర్లు రాసిన చెక్క ఫలకాలు. వరద వస్తే ఆ ఊళ్ళో అందరూ ముందు తీసుకునేవి అవే. ఫుసాయే తన ఇంటి ఫలకాలు తీసుకుని కొట్టం ఎక్కింది. కొత్త మెట్ల మీద ఆమెకే మోకాలు కలుక్కుమంది. పైన చాపలు పరిచింది, పొయ్యి ముట్టించింది, మూడు కప్పులు కడిగింది. అన్నం ముద్దలు చేస్తూ, చేతికి ఉప్పు రాసుకుంటూ, అవ్వ అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గింది. వానే తప్ప ఇంకేమీ వినపడలేదు. పెద్దవాళ్ళని మూట కట్టడానికి ఇంతసేపా అనుకుంది.

సకుజి పైకొచ్చి, తల తుడుచుకుంటూ, మూడో కప్పు చూశాడు.

"అవ్వ ఏదీ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పడవని లాక్కుంటూ నడుం లోతు నీళ్ళలో వెళ్ళారు. నోబు ఇంట్లో చాపలు తేలుతున్నాయి. పరుపులు పెట్టుకునే గోడ అర పైభాగంలో, కాళ్ళు ముడుచుకుని, పక్షిలా కూర్చుని ఉంది ఆవిడ. ఒళ్ళో ఫలకాల మూట. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా ఉంది. అంత ఎత్తుకి తనని తాను లాక్కుంటుంటే విరిగిందట. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"వస్తానన్నావు కదక్కా! ఎందుకు రాలేదు?"

నోబు ఆమెని చూసి మెల్లిగా తల వంచింది. "మీకు శ్రమ ఇచ్చానండీ, ఫుసాయే గారూ. క్షమించాలి."

ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ఆమెని గారూ అనలేదు.

పడవలో కూర్చోబెట్టి తెచ్చారు. మెట్ల దగ్గర సకుజి వీపు మీద ఎక్కించుకున్నాడు. వెనకనుంచి ఫుసాయే ఆవిడ నడుంకి చేతులు ఆనించి ఎక్కుతోంది. అప్పుడు కనపడింది. నీళ్ళ పైనుంచి మూడో మెట్టు అంచు మీద, వాన తగలని మూల, బురద చెయ్యి. ఐదు వేళ్ళు. చిన్న చెయ్యి. దాని కింద మెట్టు మీద మోకాలు జారిన గీత.

అవ్వ వచ్చింది. పెద్దవాళ్ళని మూట కట్టుకుని, చెప్పినట్టే వచ్చింది. కాలు లేవక, చేతులు ఆనించి, మోకాలు పెట్టి, ఎక్కలేక వెనక్కి పోయింది. పైన పొయ్యి వెలుగుతోంది, కప్పులు కడుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉండి ఉంటుంది. పిలవలేదు.

"ఒక్క కేక వేస్తే చాలు కదండీ. ఎందుకు వెయ్యలేదంటారు?" ఫుసాయే అడిగింది. జవాబు కోసం కాదు. "నాకు తెలుసు. ఆ మెట్లు చూడగానే ఎవరి కాలో ఆవిడకి తెలిసిపోయింది. తన కాలు ఆ లెక్కలో లేదని తెలిసిపోయింది. పిలవనిచోటికి ఎలా వస్తుంది?"

చెయ్యి అతుక్కున్నాక, ఫుసాయే మంచి మిఠాయి కొని తీసుకుని వెళ్ళింది. నోబు ఇంటి గుమ్మంలో తను కూర్చుని, నుదురు నేలకి తగిలేట్టు వంగి, మెట్లకి నా కాలు పెట్టాను, ట్రక్కు కోసం పెట్టానని మొత్తం చెప్పేసింది. తిడుతుందని ఒళ్ళు బిగబట్టుకుని కూర్చుంది.

"అయ్యో, లేవండి," అంది నోబు. "మీ కొట్టం, మీ మెట్లు. నాకోసం మీరెందుకు బాధపడటం? వాన ఎక్కువైతే ఇకమీదట ముందుగానే బడికి పోతానండీ. మంచి మిఠాయి, చాలా సంతోషం."

అంతే. మిఠాయికి బదులుగా నారింజలు పంపింది. నారింజలకి బదులు ఫుసాయే మిసో పంపితే, దానికీ ఏదో వచ్చింది. బాకీ లేకుండా మర్యాదగా వచ్చాయి అన్నీ. కంచె మీదుగా మాత్రం ఒక్క మాట దాటలేదు.

"తిడితే బాగుండునండీ. 'ఓసి కొండముఖమా, నా నడుం మీద ఎక్కి ఈ ఊళ్ళో బతికావు, నా కాలికి చోటివ్వలేకపోయావా' అంటే, ఇంటికొచ్చి ఒక పూట ఏడ్చి, అన్నం తినేదాన్ని. మర్యాద చేస్తోంది. రోజూ చేస్తోంది."

సేయిహాచిని మళ్ళీ పిలిచింది. అవ్వ కాలు కొలుస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నాకెందుకండీ, నేనెక్కను కదా," అందట నవ్వుతూ. అప్పుడు ఫుసాయే దొంగపని చేసింది. నారింజల పెట్టె తిరిగి ఇచ్చే వంకన వెళ్ళి, అవ్వ లోపలికి వెళ్ళిన క్షణంలో, గుమ్మం దగ్గర ఆవిడ రోజూ చెప్పులు విడిచి ఎక్కే చెక్కపీట పక్కన చెయ్యి ఆనించి దాని ఎత్తు చూసుకుంది. జానెడుకి రెండు వేళ్ళు తక్కువ. ఆ వేళ్ళని అలాగే మడిచి పట్టుకుని, దారిలో ఎవరు పలకరించినా చెయ్యి విప్పకుండా ఇంటికొచ్చింది.

"ఈసారి ఎవరి కాలండీ?" అని అడిగాడు సేయిహాచి.

చెయ్యి చూపించింది.

"ఇది చెయ్యి కదా."

"కాలే. దొంగిలించి తెచ్చాను. మర్చిపోకముందే గాటు పెట్టు."

ఎత్తు మెట్లు పగలగొట్టి పొట్టి మెట్లు కట్టారు. అవి పెరడంతా ఆక్రమించాయి. ట్రక్కు ఇప్పుడు వీధిలో ఉంటుంది. తెల్లవారుజామున దాని అద్దం మీది మంచు సకుజి గోళ్ళతో గీకుతాడు.

"గీకితే ఏం, చలికాలం వ్యాయామం," అన్నాడు సకుజి. "ఒకటే అడుగుతాను. అంత చేశావు, ఆవిడ రాకపోతే?"

"రాకపోతే రాదు. మెట్లు ఉంటాయి."

"ఉంటే?"

ఫుసాయే చల్లారిన టీ పారబోసి, వేడిది పోసి, అతిథి ముందుకి జరిపింది. అంతలోనే ఆ కప్పు మీద చెయ్యి పెట్టింది.

"ఉండండి, ఇది మీరు తిరిగొచ్చాక తాగుదురు గాని. మీరు ఆ కంచె పక్క సందులోంచేగా పోయేది? అవ్వ ఈ వేళప్పుడు వాకిట్లోనే కూర్చుంటుంది. ఒక్క పని చేసిపెట్టండి. రేపు పొద్దున్నే సేయిహాచి వస్తాడు, మెట్లకి పట్టుకునే కమ్మీ పాతడానికి. ఎటువైపు పాతాలో తెలీదు నాకు. కుడిచెయ్యి అప్పుడు విరిగింది. ఎడమ భుజం నారు మోసీ మోసీ ఎప్పుడో పాడైంది. ఏది ఆనుకుంటుందో ఆవిడకే తెలియాలి. నేనడిగితే 'మీ ఇష్టం అండీ' అంటుంది."

"రెండువైపులా పాతించు, గొడవ వదిలిపోతుంది," అన్నాడు సకుజి.

"రెండువైపులా పాతితే నేనెక్కడ నిలబడను?"

సకుజి ఇంకో ముల్లంగి జత తాడుకి బిగించాడు.

ఫుసాయే గొంతు తగ్గించింది. "వెళ్ళి అడగండి. ఏ చేత్తో కమ్మీ పట్టుకుంటావు, ఏ చెయ్యి ఫుసాకి ఇస్తావని అడగండి. నేనే పంపానని చెప్పండి, దాచొద్దు. ఆవిడ ఏమన్నా సరే, తిట్టినా సరే, మధ్యలో ఒక్క మాట కూడా మింగెయ్యకుండా పట్టుకురండి. వెళ్ళండి, పొద్దు వాలకముందే. టీ మళ్ళీ కాస్తాను."